నిదానంగా జారేవాళ్లకు పొట్టి స్కీలు, పట్టున్న బూట్లు: ఐదు సీజన్లు వాడాక

కొలరాడో మంచు కొండల మీద ఐదు సీజన్లు, 60 రోజులకు పైగా వాడిన స్కీలు, బూట్ల జత ఇది. నా ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. స్కీల పొడవు 150 సెంటీమీటర్లు, నడుము దగ్గర వెడల్పు 74 మిల్లీమీటర్లు, టర్న్ రేడియస్, అంటే స్కీ సహజంగా గీసే మలుపు వ్యాసార్ధం, 13 మీటర్లు. ముందు కొన కాస్త పైకి లేచి ఉండే రాకర్ రకం. బూట్లు 26.5 సైజు, ఫ్లెక్స్ (బూటు గట్టిదనాన్ని చెప్పే అంకె) 80, వెడల్పు 102 మిల్లీమీటర్లు. వేగం మీద మోజు లేకుండా, గుండె దడ లేకుండా కిందికి దిగితే చాలనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అలాంటివాళ్లు తమకు ధైర్యం లేదనుకుంటారు. చాలాసార్లు లోపం ధైర్యంలో కాదు, బూటులో ఉంటుంది.

అద్దె కౌంటర్లో నొప్పిగా ఉందనగానే ఒక సైజు పెద్దది చేతికిస్తారు. అది వేసుకుంటే హాయిగానే ఉంటుంది. వాలు మీదకి వెళ్లాక మాత్రం పాదం లోపల అటూ ఇటూ కదులుతుంది. మోకాలు తిప్పితే ముందు పాదం తిరుగుతుంది, తర్వాత బూటు, ఆ తర్వాతే స్కీ. ఆ ఆలస్యం వల్ల స్కీ మన మాట వినడం లేదనిపిస్తుంది, ఒళ్లు దానంతటదే వెనక్కి వాలిపోతుంది. సైజు సరిచూసే పద్ధతి ఇది: లోపలి మెత్తటి లైనర్ తీసేసి, ఉత్త ప్లాస్టిక్ షెల్‌లో పాదం పెట్టి, వేళ్లు ముందుకు తగిలేదాకా జరపండి. మడమ వెనక 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే సరిపోయినట్టే. ఆ ఖాళీలో చేతి వేళ్లు మూడు దూరాయంటే అది మీ బూటు కాదు. లైనర్ తొడిగి నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు గోడకి ఆనాలి, మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి రావాలి. సాక్స్ ఒక్క జతే, అదీ పల్చటిది. చలి కదా అని రెండు జతలు వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి.

బకిళ్లు పెట్టడానికీ ఒక వరుస ఉంది. అన్నీ వదులు చేసి, కాలు పెట్టి, మడమను నేలకి రెండు మూడుసార్లు తాటించి వెనక్కి సర్దాలి. మోకాలు ముందుకు వంచి, చీలమండ మీద వచ్చే బకిల్‌ను, అంటే పైనుంచి రెండోదాన్ని, ముందు పెట్టాలి. తర్వాత పైది, ఆ తర్వాత పట్టీ. కింది రెండూ ఊడిపోకుండా ఉంటే చాలు. వాటిని బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది తప్ప పట్టు పెరగదు. మొదటి రన్ (పైనుంచి కిందిదాకా ఒకసారి దిగడం) అయ్యాక లైనర్ అణుగుతుంది కాబట్టి పై రెండూ ఇంకో గాటు బిగించాలి. రాత్రి బూట్లను కారు డిక్కీలో వదిలేయకండి. చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోయి 80 ఫ్లెక్స్ బూటు కూడా రాయిలా ఉంటుంది, పొద్దున కాలు దూర్చడమే ఒక పని.

ఇక స్కీలు. నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చే పొడవు చాలు. పొట్టి స్కీ తక్కువ బలానికే తిరుగుతుంది. ముందు కొన లేచి ఉంటే మలుపు మొదట్లో అది మంచులో చిక్కుకోదు. పొడవు కంటే ముఖ్యమైనది ఎడ్జ్, అంటే స్కీ అడుగున పక్కలకి ఉండే ఉక్కు అంచు. అది మొండిగా ఉంటే పొద్దుటి గట్టి మంచు మీద ఎంత వంచినా కాళ్లు జారిపోతూనే ఉంటాయి, మనమేమో మనకి రావడం లేదనుకుంటాం. గోటి పైభాగాన్ని ఎడ్జ్‌కి అడ్డంగా గీయండి. సన్నటి పొడిలా గోరు లేచిందంటే పదును ఉన్నట్టు. లేవకపోతే మొహమాటపడకుండా వెనక్కిచ్చి పదును పెట్టమనండి. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలే బిగింపు) సర్దేటప్పుడు బరువు, వయసు నిజమే చెప్పాలి. స్కీయర్ టైప్ అడిగితే, జాగ్రత్తగా నిదానంగా వెళ్లేవాళ్లది టైప్ 1. బరువు ఎక్కువ చెప్తే పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిరాదు, మోకాలికి ప్రమాదం.

మబ్బు పట్టిన రోజు మంచు మీద నీడ పడదు, గుంటకీ మిట్టకీ తేడా తెలియదు. ఆ రోజుల్లో గాగుల్స్‌లోని ముదురు అద్దం తీసేసి ఎస్1 రకం లేత అద్దం పెట్టుకుంటే, బాగా వచ్చినవాళ్లకి కూడా కలిగే ఆ బెరుకు చాలా తగ్గుతుంది.

సరంజామా ఇవ్వలేనిది ఒకటుంది: ఎక్కడైనా ఆగగలననే నమ్మకం. అది సైడ్‌స్లిప్‌తోనే, అంటే పక్కకి జారడంతోనే వస్తుంది, మలుపుల కంటే ముందు దాన్నే నేర్పాలని నా గట్టి అభిప్రాయం. వాలుకి అడ్డంగా నిలబడి, బరువు ఎక్కువగా కింది స్కీ మీద ఉంచి, ఛాతీని లోయ వైపు తిప్పండి. మోకాళ్లను లోయ వైపు మెల్లగా, ఒక అంగుళం వంచితే చాలు, ఎడ్జ్‌లు వదులుతాయి. స్కీలు సర్రుమంటూ పక్కకి జారతాయి. రెండు మీటర్లు జారాక మోకాళ్లు కొండ వైపు తిప్పండి, టక్కున ఆగుతాయి. ముందుకి కొట్టుకుపోతుంటే బరువు వేళ్ల మీద ఎక్కువైనట్టు, వెనక్కి పోతుంటే మడమల మీద. భయంతో కొండ వైపు ఒరిగితే కింది స్కీ పట్టు వదిలేసి కాళ్లు తన్నేస్తాయి. రెండు వైపులా పదేసిసార్లు చేయండి. ఇది వచ్చినవాళ్లు పొరపాటున నిటారు వాలు మీదకి వెళ్లినా క్షేమంగా దిగొస్తారు.

మలుపులో స్కీలు నేరుగా కిందికి చూసేది ఒకటి రెండు క్షణాలే. సరిగ్గా అక్కడే వెనక్కి వాలతాం. బరువు స్కీల వెనక కొసల మీదకి పోతుంది, ముందు కొనలు మంచుని పట్టుకోవు, స్కీలు మలుపు తిరగకుండా దూసుకుపోతాయి. మోకాలి కింది ఎముక బూటు నాలుకకి ఒత్తుకుంటోందా, చేతులు రెండూ కళ్లకి కనిపిస్తున్నాయా, ఈ రెండే చూసుకోండి. వేగం తగ్గాలంటే స్కీలు కాస్త ఎత్తు వైపు తిరిగేదాకా మలుపు పూర్తి చేయాలి. పిజ్జా ఆకారం (ముందు కొనలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి ఆపడం) గ్రీన్ రన్‌ల వరకే, అంటే అన్నిటికంటే తేలికైన వాలుల వరకే. నిటారు వాలు మీద దాంతో ఆపబోతే తొడలు మండిపోతాయి, గట్టి మంచు మీద అది నిలవదు కూడా.

సాధనకి కొలరాడోలోని లవ్‌లాండ్ స్కీ రిసార్ట్‌లో విడిగా ఉన్న లవ్‌లాండ్ వ్యాలీ బాగుంటుంది. అది పట్టుబడ్డాక కీస్టోన్ రిసార్ట్‌లో స్కూల్‌మార్మ్ లాంటి పొడవాటి గ్రీన్ రన్. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఉన్న మనవాళ్లు గమనించాలి: అక్కడ గ్రీన్ రన్ ఉండదు, నీలం గుర్తున్నదే అన్నిటికంటే తేలిక. వెనకనుంచి వేగంగా వచ్చేవాళ్ల గురించి కంగారు వద్దు. నియమం ప్రకారం కింద ఉన్నవాళ్లదే దారి, తప్పుకోవాల్సింది పైనుంచి వచ్చేవాళ్లు. ఆగాల్సి వస్తే మాత్రం రన్ అంచున, పైనుంచి కనిపించే చోట ఆగండి.

లోపాలు లేకపోలేదు. వేగం పెరిగితే ఈ స్కీల కొనలు దడదడమంటాయి. కొత్త మంచు మోకాలి కింద సగం దాకా పడితే కూరుకుపోతాయి. మార్చి ఎండకి బూట్లు మెత్తబడి ముందుకి వాలిపోతాయి. మూడో సీజన్‌కి లైనర్ అణిగి మడమ లేవడం మొదలైంది. కొత్త లైనర్ వేయించాక సర్దుకుంది. సీజన్ అయ్యాక బూట్లను ఆరబెట్టి, బకిళ్లు వదులుగా పెట్టి ఉంచండి. తెరిచి వదిలేస్తే ప్లాస్టిక్ విచ్చుకుపోయి వచ్చే ఏడాది మూతపడదు.