నాలుగేళ్ల రెట్రోల తర్వాత: కోపమంతా ఆ చివరి కాలమ్ మీదే

స్ప్రింట్ అనే రెండు వారాల పని విడత ముగిశాక, ఏది బాగా జరిగింది, ఏది మార్చాలి అని టీమ్ కూర్చుని చూసుకునే మీటింగే రెట్రో. ఆ బోర్డు మీద స్టార్ట్, స్టాప్, కంటిన్యూ అంటే ఏమిటో, పడవ బొమ్మలో లంగరు దేనికి గుర్తో ఇక్కడ చెప్పబోవడం లేదు. స్ప్రింట్లు నడిపే టీమ్‌లో ఆరు నెలలున్న ఎవరికైనా అవి తెలిసినవే. ఏడుగురి టీమ్, రెండు వారాల స్ప్రింట్, నాలుగేళ్ల వాడకం. ఇన్నాళ్లకు తేలిందేమిటంటే, బోర్డు మీద ఎడమవైపు కాలమ్‌లన్నీ బాగానే పనిచేస్తాయి. కుడి చివర ‘యాక్షన్ ఐటమ్స్’ అని ఒకటుంటుంది చూడండి, మోసమంతా అక్కడే.

మీటింగ్ ముగియడానికి ఐదు నిమిషాల ముందు, అందరి చూపూ గడియారం మీదుండగా, అందులోకి నాలుగైదు వాక్యాలు పడతాయి. ‘కమ్యూనికేషన్ మెరుగుపరచాలి.’ ‘టెస్టులు ఇంకా రాయాలి.’ ‘రివ్యూలు త్వరగా చేయాలి.’ ఇవి పనులు కావు, కోరికలు. పేరు ఉండదు, తేదీ ఉండదు, అయిందో లేదో తేల్చే గుర్తు అసలే ఉండదు. అందరూ పల్లకి ఎక్కితే మోసేవారెవరు? రెండు వారాలకు కొత్త బోర్డు తెరుచుకుంటుంది, పాత బోర్డు లింకు టీమ్ డాక్యుమెంట్లు దాచుకునే కాన్‌ఫ్లుయెన్స్‌లో ఏ మూలో పడుంటుంది.

మా దగ్గర ఈ కాలమ్ బండారం బయటపడింది కోడ్ రివ్యూల దగ్గర. రాసిన మార్పును కలపమని అడుగుతూ తెరిచే పుల్ రిక్వెస్టే పీఆర్, దాన్ని ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి. ‘పీఆర్‌లు రోజుల తరబడి పడుంటున్నాయి’ అన్న కార్డుకు వరసగా మూడు రెట్రోల్లో అందరికంటే ఎక్కువ ఓట్లు. మూడుసార్లూ ఒకటే తీర్మానం: ఒక్క రోజులో రివ్యూ చేయాలి. మొదటి వారం జరిగేది, రెండో వారం మామూలే. నాలుగోసారి చర్చ మొదలుపెట్టే ముందు ఆ పీఆర్‌లు ఉండే సైట్ నుంచి రెండు సంగతులు మాత్రం తీసి బోర్డు మీద పెట్టాం: పీఆర్ తెరిచినప్పటి నుంచి మొదటి కామెంట్ వచ్చేదాకా పట్టిన సమయం, ఆ పీఆర్‌లో మారిన లైన్ల సంఖ్య. చిన్నవి ఏ రోజువి ఆ రోజే కదిలిపోతున్నాయి. పెద్దవి మాత్రమే పేరుకుపోతున్నాయి. అంటే రివ్యూ చేసేవాళ్ల బద్ధకం కాదది. ప్లానింగ్‌లో టికెట్‌ను, అంటే ఒక్కో పనిని, సరిగా ముక్కలు చేయకపోవడం. మూడు రెట్రోలు ఊకదంపుడుగా పోయింది ఇందుకే: కారణం చూడకుండా నేరుగా మందు రాశాం.

దాంతో తీర్మానం మారింది. మారిన లైన్లు 400 దాటితే పీఆర్ తెరిచిన మనిషే రివ్యూయర్‌తో 15 నిమిషాల కాల్ పెట్టుకోవాలి. లాక్ ఫైళ్లు (వాడే లైబ్రరీల వెర్షన్ల జాబితాలు), ఆటోమేటిక్‌గా పుట్టే కోడ్ ఆ లెక్కలోకి రావు. రెండు స్ప్రింట్లు చూసి, ఉంచాలో తీసేయాలో తేల్చాలి. వెంటనే ఇంకో తలనొప్పి పుట్టింది. లైన్ల లెక్క తప్పించుకోవడానికి ఒకే మార్పును నాలుగు పీఆర్‌లుగా కోసి, ఒకదాని బ్రాంచ్ (మార్పులు చేసుకునే కోడ్ విడి శాఖ) మీద ఇంకొకటి వేలాడదీయడం మొదలైంది. మొదటిదాంట్లో ఒక కామెంట్ సరిచేస్తే మిగతా మూడూ రీబేస్ చేయాలి, అంటే సరిచేసిన కోడ్ మీద మళ్లీ పేర్చాలి. వెయిటింగ్ పోలేదు, చోటు మారిందంతే. తర్వాతి రెట్రోలో ఇంకో షరతు చేరింది: ప్రతి పీఆర్ ఒంటరిగా మెర్జ్ అయినా (కలిసినా) అందరూ వాడే మెయిన్ బ్రాంచ్ చెడకూడదు, పూర్తికాని ఫీచర్ ఫ్లాగ్ అనే ఆన్-ఆఫ్ స్విచ్ వెనక ఉండాలి. అప్పుడు కుదుటపడింది. ఆ ఫ్లాగులు ఎవరు తీసేయాలన్నది ఆ తర్వాతి రెట్రోలో కార్డు అయ్యిందనుకోండి!

ఇప్పుడు పాటిస్తున్న నియమం ఒక్కటే: రెట్రోకు ఒకటే యాక్షన్, అది రాబోయే స్ప్రింట్‌లో టికెట్‌గా వెళ్లాలి, మిగతా టికెట్ల లాగే పాయింట్లు (పని ఎంతో చెప్పే అంచనా) వేయాలి. ఈ స్ప్రింట్ల పద్ధతి పేరు స్క్రమ్, దాని 2017 గైడ్‌లో ఇలాంటి మాటే ఉండేది: ముందటి రెట్రోలో తేలిన ముఖ్యమైన మెరుగుదల కనీసం ఒకటి స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లో (ఆ స్ప్రింట్ పనుల జాబితాలో) ఉండాలని. 2020 గైడ్ దాన్ని సడలించి, కావాలంటే చేర్చుకోవచ్చు అనేసింది. నా ఓటు పాతదానికే. గంట మీటింగ్‌లో మొదటి ఐదు నిమిషాలు పోయినసారి టికెట్ ఏమైందో చూడ్డానికి, చివరి పదిహేను కొత్తది రాయడానికి. ‘ఫ్లేకీ టెస్టులు (కోడ్ మారకపోయినా ఓసారి పాసై, ఓసారి ఫెయిలయ్యేవి) తగ్గించాలి’ అని రాస్తే కుదరదు. ‘పేమెంట్ మాడ్యూల్‌లో ఫ్లేకీగా ఉన్న 3 టెస్టులను బుధవారంలోగా వేరే జాబ్‌లోకి మార్చాలి, మెయిన్ బ్రాంచ్ మీద రీరన్‌లు తగ్గాయో లేదో రెండు వారాలకు చూడాలి’ అని రాసి, పక్కన ఒక్కరి పేరు పెట్టాలి. ఇద్దరి పేర్లు పెడితే మళ్లీ పల్లకి కథే.

ఎడమవైపు కాలమ్‌లు బాగున్నాయన్నాను కదా, అదీ పూర్తిగా నిజం కాదు. ఎనిమిది నిమిషాలు మౌనంగా రాసి, అందరూ ముగించేదాకా కార్డులు దాచి ఉంచితేనే అవి పనిచేస్తాయి. మొదటి కార్డు కనబడిందా, తర్వాతి నాలుగూ దాని మాటే చెబుతాయి. ఒకే రకం కార్డులను కలపకుండా ఓట్లు వేయిస్తే అసలు సమస్య ఓట్లు నాలుగు చోట్ల చీలి, ఏదో చిల్లర విషయం గెలుస్తుంది. పైగా కార్డుల్లో ఎక్కువ భాగం చివరి మూడు రోజుల సంగతులే. మొదటి వారంలో బిల్డ్ రోజంతా పడిపోయిన విషయం ఎవరికీ గుర్తుండదు. స్ప్రింట్ పొడవునా ఒక చాట్ ఛానల్లో ఒక్కో లైను రాసిపెట్టుకుంటే ఈ తంటా తప్పుతుంది. అప్పటి పరిస్థితిలో అందరూ చేతనైనంత బాగానే చేశారని నమ్ముదాం అనే ‘ప్రైమ్ డైరెక్టివ్’ను ప్రతిసారీ పైకి చదవడం మాత్రం బడిలో ప్రతిజ్ఞ చెప్పించినట్టే ఉంటుంది, మేం ఎప్పుడో మానేశాం.

టికెట్ పద్ధతికీ రోగాలున్నాయి. రిలీజ్ దగ్గరపడగానే స్ప్రింట్ నుంచి మొదట గెంటేసేది దాన్నే. రెండుసార్లు అలా జరిగితే ఇంకో యాక్షన్ రాయకుండా, దాన్ని ఎందుకు తీసేస్తున్నారో అదే రెట్రోకు విషయం చేయాలి. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ వేరే టీమ్ చేతిలో ఉంటే, ‘వాళ్లు బాగుచేయాలి’ అన్న టికెట్ మన బోర్డు మీద ఏళ్లు గడిపేస్తుంది. అలాంటప్పుడు మన చేతిలో ఉన్న ముక్కనే రాసుకోవాలి: ఎన్ని గంటలు పడి ఉందో లాగ్ పెట్టి, ఆ టీమ్ లీడ్‌కు నెలకోసారి చూపించడం లాంటిది.

ఇదంతా ఒకే ప్రోడక్ట్ మీద, ఒకే ఆఫీసులో ఉన్న ఏడుగురి మాట. హైదరాబాద్ నుంచి అమెరికా క్లయింటుకు పనిచేసే టీమ్‌కు ఇది ఉన్నదున్నట్టు సరిపోతుందని చెప్పలేను. చికాగోలో ఉదయం ఎనిమిదిన్నర అంటే ఇక్కడ వేసవిలో రాత్రి ఏడు, చలికాలంలో ఎనిమిది. ఆ వేళప్పుడు క్లయింట్ మేనేజర్ కాల్‌లో ఉండగా నిజం చెప్పేవాళ్లు తక్కువ, ‘అంతా బాగుంది’ కార్డులు ఎక్కువ. అజ్ఞాతంగా రాసే సౌకర్యం ఏడుగురిలో ఎలాగూ దాగదు, ఇంగ్లిష్ చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. అలాంటి చోట మధ్యాహ్నం మన టీమ్ వరకే రెట్రో పెట్టుకుని, రాత్రి కాల్‌కు ఆ ఒక్క టికెట్‌ను మాత్రం తీసుకెళ్లడం నయం. ముగ్గురే ఉన్న టీమ్ అయితే బోర్డు కూడా అక్కర్లేదు, టీ దగ్గర మాట్లాడుకుని టికెట్ ఒక్కటి రాసుకుంటే చాలు.