తేలిక సామాను: కొన్నేళ్లు మోశాక ఏది నిలిచింది, ఏది పోయింది

ముందే చెప్పేస్తాను, బ్యాక్‌ప్యాకింగ్‌లో, అంటే సామానంతా వీపున మోస్తూ రోజుల తరబడి నడిచే ప్రయాణాల్లో, బరువు తగ్గించుకోవడం నిజంగానే పనిచేస్తుంది, ఇందులో నాకు రెండో మాట లేదు. తిండి, నీళ్లు, గ్యాస్ పక్కన పెట్టి మిగతా సామానంతా తూకం వేస్తే ఒకప్పుడు నాది 11 కిలోల పైమాటే, ఇప్పుడు ఐదున్నర దగ్గర ఆగింది, సాయంత్రానికి ఆ తేడా మోకాళ్లే చెబుతాయి. కాకపోతే కొనేటప్పుడు లేబుల్ మీద కనిపించే గ్రాములు వేరు, మూడో రోజు వానలో ఆ వస్తువు మనతో ప్రవర్తించే తీరు వేరు.

ఈ లెక్కలో 9 కిలోల లోపైతే లైట్‌వెయిట్ అని, 4.5 లోపైతే అల్ట్రాలైట్ అని అంటుంటారు. పౌండ్లలో అవి 20, 10, అందుకే కిలోల్లో వంకరగా కనిపిస్తాయి. నేను 4.5 జోలికి పోలేదు, పోదలుచుకోలేదు కూడా.

బ్యాగు సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ తొందరపడేది అక్కడే. ఫ్రేమ్ లేని బ్యాగులు అర కిలోలో వచ్చేస్తాయి, ఖాళీగా ఎత్తి చూస్తే నవ్వొస్తుంది, మొత్తం బరువు 9 కిలోల లోపు ఉన్నంతవరకు బాగానే మోస్తాయి కూడా. కానీ భుజాలకు తెలిసేది మొత్తం బరువే. నా ఐదున్నర కిలోలకు నాలుగు రోజుల తిండి రోజుకు 650 గ్రాముల చొప్పున కలపండి, మధ్యలో నీళ్లు దొరకని దారైతే ఇంకో 3 లీటర్లు, అంటే 3 కిలోలు. 11 దాటిపోయింది! ఆ బరువును నడుం బెల్టు తుంటి మీదకు దించాలంటే లోపల ఏదో ఒక ఊత ఉండాలి, లేకపోతే బ్యాగు వీపు మీద కుంగిపోయి భుజాలు లాగేస్తాయి. నాది 950 గ్రాముల బ్యాగు, లోపల రెండు అల్యూమినియం ఊచలు, మార్చే ఉద్దేశం లేదు. ఇన్నేళ్లలో పక్క జేబుల జాలీ చిరిగింది, నడుం బెల్టు జిప్ ఒకటి పోయింది, అడుగు గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. మీరు కొత్తగా కొంటుంటే బ్యాగును ఆఖర్న కొనండి. మిగతావన్నీ చిన్నవయ్యాక ఎన్ని లీటర్ల బ్యాగు కావాలో అదే తేలుతుంది.

ఇక పడక. నేను గ్రాముల కోసం అస్సలు బేరమాడనిది ఇక్కడే. స్లీపింగ్ బ్యాగ్ మీద రాసిన డిగ్రీలు చూసి మురిసిపోకండి. ఐఎస్‌ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగులకు కంఫర్ట్, లిమిట్ అని వేర్వేరు అంకెలు ఉంటాయి, పేరులో పెద్దక్షరాలతో వేసేది చాలాసార్లు లిమిట్. అది ముడుచుకుని పడుకుంటే ఎలాగోలా రాత్రి గడిచే అంకె, హాయిగా నిద్రపట్టే అంకె కాదు. నేను కంఫర్ట్ అంకె ఒక్కటే చూస్తాను. డౌన్, అంటే లోపల నింపే పక్షి నూగు, విషయంలో కూడా ఇలాంటి గారడీ ఒకటుంది. 850 ఫిల్ పవర్ అంటే 1 ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు, 850 ఘనపు అంగుళాల మేర పొంగుతుందని అర్థం. అది నూగు నాణ్యత, అంతే. లోపల ఎన్ని గ్రాముల నూగు నింపారో చూడకుండా 850, 900 అని సంబరపడితే చలిలో వణకాల్సిందే.

నేను వాడేది క్విల్ట్, అంటే అడుగు భాగం లేని పడక. ఒంటి కింద నలిగిన నూగు ఎలాగూ వెచ్చదనం ఇవ్వదు కాబట్టి దాన్ని తీసేశారన్నమాట, దాంతో జిప్, తలకు ఉండే టోపీ బరువు కూడా పోతుంది. లాజిక్ బాగుంది, పనిచేస్తుంది కూడా, కానీ అటూ ఇటూ దొర్లేవాళ్లకు పక్కనుంచి చలిగాలి దూరుతూనే ఉంటుంది. మ్యాట్‌కు కట్టే పట్టీలు లేని క్విల్ట్ కొనకండి. రెండేళ్లు గడిచేసరికి నాది చెమటకు, ఒంటి జిడ్డుకు చప్పబడిపోయింది, ఇక పనైపోయిందనుకున్నాను, డౌన్ కోసం అమ్మే సబ్బుతో ఉతికి డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద టెన్నిస్ బంతులు వేసి గంటల తరబడి ఆరబెడితే మళ్లీ దాదాపు పాత పొంగు వచ్చేసింది. ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని చిన్న సంచిలో కుక్కి ఉంచొద్దు, వదులుగా వేలాడదీయండి.

క్విల్ట్ వాడుతున్నారంటే మ్యాట్ మీద భారం రెట్టింపు అవుతుంది, నేల చలిని ఆపేది అదొక్కటే కదా. దీనికి ఆర్-వాల్యూ అని కొలత ఉంది, 2018లో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ నుంచి ప్రమాణం వచ్చాక దాన్ని పాటించే కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ విలువలు కూడతాయి కూడా. అందుకే మంచు దగ్గరికి వెళ్లేటప్పుడు గాలి నింపే మ్యాట్ కింద పల్చటి ఫోమ్ మ్యాట్ వేస్తాను. గాలి మ్యాట్ వెచ్చన, మెత్తన, తేలిక, పైగా చిన్నగా మడత పడుతుంది. ముల్లు గుచ్చుకుంటే మాత్రం అర్ధరాత్రి నేల మీదే. ఫోమ్ మ్యాట్‌కి ఆ టెన్షన్ లేదు, మధ్యాహ్నం ఎక్కడంటే అక్కడ పరిచి కూర్చోవచ్చు, కానీ నిజం చెప్పాలంటే పక్కకు తిరిగి పడుకునే నాలాంటి వాళ్లకు తెల్లారేసరికి తుంటి నొప్పి ఖాయం.

టెంట్ దగ్గర నాకు బాగానే తిక్క రేగింది. మొదటిది పాలీయురెథేన్ పూత ఉన్న నైలాన్ టెంట్, కంపెనీ పేరు అనవసరం, కొన్నేళ్లకు లోపలి పూత జిగురుగా మారి, వాసనొచ్చి, కుట్ల మీద టేపు పొరలు పొరలుగా ఊడిపోయింది. గాలిలో చెమ్మకు ఆ పూత మెల్లగా విరిగిపోతుంది, తడిగా మడతపెట్టి ఉంచితే ఇంకా తొందరగా. సిలికాన్ పూతకు ఈ బాధ లేదు, కాకపోతే దాని మీద టేపు అంటుకోదు కాబట్టి చాలా టెంట్లలో కుట్లకు మనమే సిలికాన్ పూసుకోవాలి. అది కూడా నైలాన్ గుడ్డ అయితే తడిసినప్పుడు సాగుతుంది, వానలో లేచి తాళ్లు బిగించాల్సిందే. పాలిస్టర్ అంతగా సాగదు. ఇప్పుడు నేను వాడేది అదే. డైనీమా అనే గుడ్డ అయితే నీళ్లు పీల్చదు, సాగదు, బరువు ఇంకా తక్కువ, కానీ ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది, పైగా రాపిడికి తట్టుకోదు.

ట్రెకింగ్ కర్రలనే స్తంభాలుగా నిలబెట్టే టెంట్ మంచి ఆలోచన, కర్రలు ఎలాగూ మోస్తాం కదా. కర్ర విరిగితే ఇల్లు కూడా కూలుతుందన్నది వేరే సంగతి. ఒకే పొర ఉన్న టెంట్లలో మాత్రం మన ఊపిరి ఆవిరంతా రాత్రికి లోపలి గోడ మీద నీరై కూర్చుంటుంది, మోచెయ్యి తగిలితే క్విల్ట్ తడుస్తుంది. తడిసిన డౌన్ వెచ్చదనం ఇవ్వదని చెప్పక్కర్లేదు. గాలి ఆడని లోయల్లో, నీటి ఒడ్డున పడుకునే అలవాటున్నవాళ్లు ఇంకో 300 గ్రాములు మోసి రెండు పొరలదే తీసుకోండి. నేను అదే చేస్తున్నాను.

స్టవ్ గురించి పెద్దగా లేదు. 25 గ్రాముల బుల్లి స్టవ్‌లు ఉన్నాయి, గాలి లేనప్పుడు దివ్యంగా వెలుగుతాయి. గాలొస్తే నీళ్లు మరగవు, గ్యాస్ మాత్రం అయిపోతుంది, స్టవ్‌లో ఆదా చేసిన గ్రాములు గ్యాస్ డబ్బా మోతలో పోతాయి. నేను 75 గ్రాములదానితో సరిపెట్టుకున్నాను. గాలిని ఆపడానికని డబ్బా చుట్టూ పూర్తిగా రేకు చుట్టకండి, డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, చలి చోట్లకు ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బానే కొనాలి. టైటానియం గిన్నె నీళ్లు కాచడానికి సరే, వంట చేస్తే అడుగంటుతుంది.

నీళ్లకు సాయర్ స్క్వీజ్ వాడుతున్నాను, 85 గ్రాములు, 0.1 మైక్రాన్ గొట్టాల ఫిల్టర్. మామూలు సోడా సీసా మరకు సరిగ్గా పడుతుంది, కాబట్టి బరువైన సీసాలన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి. వెనక్కి నీళ్లు కొట్టి కడుగుతూ ఉంటే ధార తగ్గదు. వైరస్‌లను ఆపదు, నీళ్లు పారి వచ్చే దారిలో పైన మనుషులు ఉండే చోటైతే నీళ్లను శుద్ధి చేసే మాత్రలు కూడా వెయ్యాలి. ఒకసారి వాడాక గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లవచ్చు, చిట్లినా బయటికి తెలియదు, అందుకే చలి రాత్రుల్లో దాన్ని కవర్లో పెట్టి క్విల్ట్ లోపలే పడుకోబెడతాను. నా పక్కన అంత గౌరవం ఇంకే వస్తువుకీ లేదు.

బట్టల్లో డబ్బు పెట్టకుండానే కిలో దాకా తగ్గింది, రెండో ప్యాంటు, మూడో చొక్కా తీసేస్తే చాలు. నడిచే జత ఒకటి, పడుకునే జత ఒకటి, అదనంగా మేజోళ్లు, ఒక వెచ్చని జాకెట్. జాకెట్, హెడ్‌ల్యాంప్, మందుల సంచి జోలికి మాత్రం కత్తెర పోనివ్వకండి. టూత్‌బ్రష్ పిడి కోసుకునేవాళ్లు కోసుకోండి, మహా అయితే 10 గ్రాములు. బూట్లు వదిలేసి జాలీ ఉన్న ట్రెయిల్ రన్నింగ్ షూస్‌కి మారాను, తడిసినా నడుస్తూనే ఆరిపోతాయి, కాకపోతే చిటికెన వేలి దగ్గర ముందు చిరుగుతాయి, అడుగు గట్లు ఇంకా బాగున్నట్టు కనిపిస్తుండగానే లోపలి ఫోమ్ చచ్చిపోతుంది. అరికాళ్లు మండడం మొదలైతే షూస్ మార్చే టైమ్ వచ్చినట్టే, అడుగు అరిగేదాకా ఆగకండి.