డాలస్ పక్కన పోకర్ క్లబ్బు: గంటల లెక్కన డబ్బు కట్టి ఆడే చోటు

డాలస్ చుట్టుపక్కల పోకర్ క్లబ్బులు ఎలా ఉంటాయని మనవాళ్ళు అడుగుతూనే ఉంటారు, అందుకని నేను వెళ్ళే క్లబ్బు గురించి రాస్తున్నా. పేరు మాత్రం రాయను, ఎందుకంటే కింద ఒక ఫిర్యాదు కూడా ఉంది.

ముందు మెంబర్‌షిప్ సంగతి. టెక్సస్‌లో ఈ క్లబ్బులు కాసినోలాగా ప్రతి పాట్ (ఒక్కో ఆటలో పోగైన పందెం డబ్బు) నుంచీ రేక్ (నడిపేవాళ్ళ వాటా) కోసుకోవు, సీటులో కూర్చున్నందుకు ఫీజు తీసుకుంటాయి. ఆట ప్రైవేటు చోట జరగాలి, ఆడి గెలిచిన డబ్బు తప్ప ఆట వల్ల ఎవరికీ ఇంకో లాభం ఉండకూడదు, గెలుపోటముల అవకాశం అందరికీ ఒకేలా ఉండాలి, ఈ మూడూ ఉంటే కేసు నుంచి బయటపడొచ్చని అక్కడి చట్టం చెప్తుంది. క్లబ్బులన్నీ దాన్నే పట్టుకుని నడుస్తున్నాయి. అలాగని అందరూ ఒప్పుకున్న సంగతేం కాదు, డాలస్ సిటీవాళ్ళే ముందు పర్మిషన్ ఇచ్చి తర్వాత రద్దు చెయ్యబోతే గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. (ఈ సీటు ఫీజు గోల మనకి కొత్తేం కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేననీ, సభ్యుల దగ్గర కొద్దిగా సిట్టింగ్ ఫీజు తీసుకున్నంత మాత్రాన అది జూదశాల అయిపోదనీ సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది.)

కాబట్టి తలుపు దగ్గర ఐడీ చూపించాలి, రోజుకో నెలకో మెంబర్‌షిప్ తీసుకోవాలి, ఆ తర్వాత కూర్చున్నంతసేపూ గంటకి ఇంత అని ఫీజు. మా దగ్గర 13 డాలర్లు. చిన్నమొత్తమే అనిపిస్తుంది గానీ టేబుల్ మర్యాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఒకడు ప్రతి చేతికీ (అంటే ముక్కలు పంచిన ప్రతిసారీ) సినిమా హీరోలా రెండు నిమిషాలు ఆలోచిస్తూ కూర్చుంటే మిగతా ఎనిమిది మంది డబ్బు కట్టి వాడి మొహం చూస్తున్నట్టే కదా. పెద్ద పాట్ అయితే ఎవరూ ఏమీ అనరు, చిన్నదానికి సాగదీస్తే మాత్రం ఎవరో ఒకరు క్లాక్ (వాడికి గడువు పెట్టమని) అడుగుతారు, అడగడం తప్పేం కాదు.

మనవాళ్ళకి ఎక్కువగా తగిలేది ఇంగ్లీష్ రూల్. చెయ్యి నడుస్తుండగా టేబుల్ మీద ఇంగ్లీషే మాట్లాడాలి. ఇద్దరు ఫ్రెండ్స్ పక్కపక్కన కూర్చుని "ఏం రా, ఉంచుతావా?" అనుకున్నా డీలర్ (ముక్కలు పంచేవాడు) ఆపేస్తాడు, ముక్కలు పడేసినవాడు మాట్లాడినా అంతే. దీన్ని అవమానంగా తీసుకుని లేచి వెళ్ళినవాళ్ళని చూశా. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది, వియత్నామీస్‌లోనో స్పానిష్‌లోనో ఇద్దరు గుసగుసలాడుతుంటే మనకీ అనుమానం రాదా?

ఇంకోటి మూడుముక్కలాట అలవాటు. ఇంట్లో పండక్కి ఆడినట్టు ముక్కలు మొహం దగ్గరికి ఎత్తి చూసుకోవడం, చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్ళలు) కొన్ని వేసి ఆగి మళ్ళీ కొన్ని వెయ్యడం ఇక్కడ కుదరదు. రెండోసారి వేసినవి వెనక్కి ఇచ్చేసి కాల్ (ఎదుటివాడి పందేనికి సమానంగా వెయ్యడం) కిందే లెక్కేస్తారు. ఎదుటివాడి పందెం మీద ఏమీ అనకుండా ఒక్క పెద్ద చిప్పు పడేసినా కాలే. అందుకని పందెం పెంచాలంటే ముందు "రైజ్" అని నోటితో అనండి, తర్వాత చిప్స్ ముట్టుకోండి. నోరు జారితే మాత్రం వెనక్కి తీసుకోలేరు. గెలిచిన చిప్స్‌లో సగం జేబులో వేసుకుని ఆట కొనసాగించడం కూడా కుదరదు, ఇంటికి వెళ్ళేదాకా అన్నీ టేబుల్ మీదే ఉండాలి. పాట్ గెలిస్తే డీలర్‌కి ఒక డాలర్ ఇవ్వడం పద్ధతి, మనవాళ్ళు కొందరు అస్సలు ఇవ్వరు, టేబుల్ అంతా గమనిస్తుంది.

డీలర్లు మంచివాళ్ళు, కొత్తవాళ్ళని కసరకుండా చెప్తారు. ఫుడ్ గురించి చెప్పుకోడానికేం లేదు.

ఇక ఫిర్యాదు. రాత్రి ముదిరేకొద్దీ ఆటగాళ్ళు తగ్గి టేబుల్ ఎత్తేస్తారు, వేరే టేబుల్ మీద సీటు దొరికేదాకా మనం సోఫాలో కూర్చుంటాం, అప్పుడు కూడా నా టైమ్ నడుస్తూనే ఉంది. బిల్లులో చూసి అడిగితే ఫ్లోర్ మేనేజర్ "సిస్టమ్ అంతే" అన్నాడు, గట్టిగా పట్టుకుంటే తగ్గించాడు. నోటితో అన్న మాటకి కట్టుబడి ఉండాలనే చోట వాళ్ళ గడియారానికి మాత్రం రూల్ లేకపోవడం నాకు నచ్చలేదు.

ఆటకి నాలుగు స్టార్లు, బిల్లింగ్‌కి రెండు. వెళ్ళేవాళ్ళు టేబుల్ మారేటప్పుడు కౌంటర్ దగ్గర టైమ్ ఆపించి, ఆగిందని స్క్రీన్ మీద చూసి మరీ పక్కకి రండి.