మ్యాన్ దీవి నోటా, గర్న్‌సీ నోటా: దాచుకోడానికి ఏది మేలు?

19వ శతాబ్దంలో బ్రిటన్ చుట్టూ ఉన్న దీవుల్లో బ్యాంకులు సొంతంగా పౌండు నోట్లు వేసుకునేవి. అడిగితే డబ్బు ఇస్తామని బ్యాంకు రాసిచ్చిన మాటే ఆ నోటు. కాబట్టి ఆ రోజుల్లో మనం ఉండి నోటు దాచుకోవాలంటే అచ్చు ఎంత అందంగా ఉందని కాదు, వెనకాల ఎవరున్నారని చూడాలి.

ఆ దీవుల్లోనే ఒకటైన జెర్సీని నేనైతే ముందే పక్కన పెట్టేస్తా. 1873లో మర్కంటైల్ యూనియన్ బ్యాంక్, 1886లో జెర్సీ బ్యాంకింగ్ కంపెనీ బోర్డు తిప్పేశాయి, ఇంక చెప్పేదేముంది.

మ్యాన్ దీవిలో పరిస్థితి కొంత నయం, ఎందుకంటే లైసెన్సు లేనిదే నోట్లు వేయకూడదని 1817లోనే చట్టం చేశారు. అయినా 1878లో గ్లాస్గోలో తల్లి బ్యాంకు కూలగానే ఇక్కడి బ్యాంక్ ఆఫ్ మోనా కూడా మూతపడింది. అసలు దెబ్బ డంబెల్స్ బ్యాంకుది. దీవిలో దానికున్న పేరు చూస్తే, 1890లో నేనక్కడ ఉన్నా ఆ నోటే తీసుకునేవాణ్ణేమో! లోపల మాత్రం లెక్కలు తారుమారు చేస్తున్నారు. 1900 ఫిబ్రవరి 3న తలుపులు మూసేశారు, ఎందరో దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్నారు, బాధ్యులకు జైలు శిక్ష పడింది. లైసెన్సు ఉంటే చాలదు, లెక్కలు చూసేవాడూ ఉండాలి కదా.

గర్న్‌సీ కథే వేరు. నెపోలియన్ యుద్ధాల తర్వాత చేతిలో డబ్బు లేక, సముద్రపు గట్లకీ రోడ్లకీ మార్కెట్‌కీ ఖర్చు పెట్టాలంటే వడ్డీకి అప్పు తేవడం ఎందుకని, 1816లో అక్కడి ప్రభుత్వమే నోట్లు వేసింది, పన్నుల రాబడితో వాటిని మెల్లగా వెనక్కి తీసుకుంటూ వచ్చింది. 1827లో ఓల్డ్ బ్యాంక్, 1835లో కమర్షియల్ బ్యాంక్ వచ్చి తమ నోట్లూ దింపేసరికి చిన్న దీవిలో కాగితం ఎక్కువైపోయింది, గొడవైంది, చివరికి 1837లో రాజీ కుదిరి ప్రభుత్వ నోట్లకు 40,000 పౌండ్ల హద్దు పెట్టారు. ప్రభుత్వం తగ్గి బ్యాంకులకు చోటివ్వడం నాకు నచ్చలేదు గానీ, ఆ రెండు బ్యాంకులూ మునగలేదు, 1920ల్లో ఇంగ్లండు బ్యాంకుల్లో కలిసిపోయాయి.

నా ఓటు గర్న్‌సీకే, అందులోనూ ప్రభుత్వ నోటుకి. ప్రైవేటుదే కావాలంటే ఓల్డ్ బ్యాంక్‌ది తీసుకోండి. మ్యాన్ దీవిదే కావాలని పట్టుబడితే 1865లో పెట్టిన ఐల్ ఆఫ్ మ్యాన్ బ్యాంక్‌ది చూసుకోండి. డంబెల్స్ పోయాకా అది నిలబడి, 1961లో నోట్లు వేసే పనిని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకునే దాకా నోట్లు వేస్తూనే ఉంది.