యూదుల ప్రార్థనా వేళలు చూపే ఫోన్ యాప్: ఒంగోలులో ఏడాది వాడిన అనుభవం

తులనాత్మక మతాధ్యయనం చదువుతున్న మా అమ్మాయి కోసం పోయిన ఏడాది ఈ యాప్‌కు చందా కట్టాను. లోపాలను తయారీదారులకు విడిగా రాసి పంపాను కనుక దాని పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు.

యూదులు రోజుకు మూడుసార్లు ప్రార్థించాలి: ఉదయం షహరిత్, మధ్యాహ్నం మిన్హా, రాత్రి మాఅరివ్. వీటి గడువులను లెక్కించే గంట మన గడియారపు గంట కాదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న పగటిని 12 భాగాలు చేస్తే వచ్చేది ఒక గంట. రాహుకాలం కోసం పగటిని 8 భాగాలు చేసే పంచాంగం ఇంట్లో ఉన్నవారికి ఇందులో వింతేమీ కనిపించదు. ఒంగోలులో ఆ గంట డిసెంబరు మూడో వారంలో సుమారు 56 నిమిషాలు, జూన్ మూడో వారంలో సుమారు 65 నిమిషాలు ఉంటుంది. షెమా అనే వాక్యభాగాన్ని ఉదయం మూడో గంట ముగిసేలోగా పఠించాలి కాబట్టి, ఆ గడువు డిసెంబరులో 9.20 ప్రాంతానికి, జూన్‌లో 8.55 ప్రాంతానికి పడుతుంది. ఈ లెక్కలో యాప్‌కు వంక పెట్టలేను. కొత్తపట్నం తీరంలో నిలబడి చేతి గడియారంతో రెండుసార్లు సూర్యోదయాన్ని సరిచూశాను. రెండుసార్లూ నిమిషం తేడా కూడా కనిపించలేదు. శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగించమని గుర్తుచేస్తుంది. ఆ సూర్యాస్తమయంతో మొదలయ్యే విశ్రాంతి దినాన నిష్ఠగల యూదులు ఫోన్ ముట్టరు కనుక, వారం వేళలన్నిటినీ ముందుగానే కాగితం మీద అచ్చు తీసుకునే సౌకర్యం పెట్టడం మెచ్చుకోదగినది.

అసలు చిక్కు దిక్కు దగ్గర వచ్చింది. నిలబడి మెల్లగా చదివే అమీదా ప్రార్థనలో యెరూషలేము వైపు తిరగాలి. యాప్‌లోని సూచన మాత్రం "తూర్పుకు తిరగండి" అంటుంది. అది ఐరోపాలోనో అమెరికాలోనో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని రాసిన మాట. ఒంగోలు నుంచి యెరూషలేము పడమరకు సుమారు 30 డిగ్రీలు ఉత్తరంగా, అంటే ఇంచుమించు వాయవ్యంగా ఉంటుంది. పాఠం అభ్యసిస్తూ మా అమ్మాయి పది రోజుల పాటు తూర్పు గోడనున్న పూజ గూటికి ఎదురుగా నిలబడి, మొదట మూడు అడుగులు వెనక్కి, మూడు అడుగులు ముందుకు వేసి చదివింది. దిక్సూచి తెచ్చి చూసేసరికి ఆ పది రోజులూ దాదాపు యెరూషలేముకు వీపు పెట్టి నిలబడిందని తేలింది.

పాఠం అమరికలోనూ ఒక పెద్ద లోపం ఉంది. కద్దీష్, బరెఖు వంటి భాగాలను పదిమంది కూడినప్పుడే చదవాలి. ఆ కూటమిని మిన్యాన్ అంటారు. సనాతన సంప్రదాయంలో 13 ఏళ్లు నిండిన 10 మంది పురుషులనే లెక్కిస్తారు, సంస్కరణవాద శాఖలో స్త్రీలనూ కలుపుతారు. ఒంటరిగా చదివేవారు విడిచిపెట్టవలసిన ఈ భాగాలకు యాప్‌లో ఏ గుర్తూ లేదు. తెలుగువారిలో యూదులుగా జీవించే బెనె ఎఫ్రాయిము కుటుంబాలు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉన్నాయి. ఒంగోలులో పదిమందిని కూర్చడం మాకు సాధ్యమయ్యే పని కాదు.

వివరణలలో నాకు బాగా నచ్చినది వాన కోరే వాక్యం గురించినది. ఇశ్రాయేలులో దాన్ని యూదుల పంచాంగంలోని హెష్వాన్ మాసం 7వ తేదీ నుంచి అమీదాలో చేరుస్తారు. పూర్వం పర్ణశాలల పండుగకు యెరూషలేము వచ్చిన యాత్రికులలో చివరివాడు తిరుగుదారిలో యూఫ్రటీసు నది చేరే దాకా వాన అడగకుండా ఆగడమే ఆ గడువుకు కారణం. బయటి దేశాలలో మాత్రం డిసెంబరు 4 సాయంత్రం నుంచి, కొన్ని ఏళ్లలో 5 నుంచి మొదలుపెడతారు. యాప్ తనంతట తానే పాఠం మార్చింది. అప్పటికి మన ఈశాన్య రుతుపవనాల వానలు చాలావరకు కురిసిపోయాయి!

దిక్కు గురించి రాసిన లేఖకు మూడు నెలలకు జవాబు వచ్చింది. తరువాతి కూర్పులో దిక్సూచి పెడతామన్నారు. అది వచ్చేవరకు నా లెక్కలో దీనికి 5కు 3 మార్కులు.