బిసోతూన్‌కి బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి

ఇరాన్‌లో కెర్మాన్‌షా వైపు వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా, బైనాక్యులర్స్ లేకపోతే బిసోతూన్‌లో మెడనొప్పే మిగులుతుంది. ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో, హమదాన్ రోడ్డు పక్కన నిట్టనిలువు కొండ. ఒకప్పుడు బాబిలోన్ నుంచి ఎక్బటానాకి (ఇప్పటి హమదాన్‌కి) పోయే రాజమార్గం ఇదే. దారినపోయే ప్రతివాడికీ తన గెలుపు కనబడాలని పర్షియా చక్రవర్తి డేరియస్ క్రీ.పూ. 520 ప్రాంతంలో ఈ కొండమీద బాగా ఎత్తున ఓ శిల్పం, శాసనం చెక్కించాడు. శాసనం మూడు భాషల్లో ఉంది కానీ కింద నిలబడి ఒక్క అక్షరం కూడా చదవలేం! మన ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు దగ్గర్నుంచి చూసినవాళ్ళకి ఇది కాస్త నిరాశే.

అదే బైనాక్యులర్స్ పెడితే బొమ్మంతా కళ్ళముందుకొస్తుంది. విల్లు పట్టుకున్న రాజు, ఆయన కాలికింద వెల్లకిలా పడున్న గౌమాత (సింహాసనం దొంగిలించాడని డేరియస్ చెప్పిన మనిషి పేరు), ఎదురుగా చేతులు వెనక్కి కట్టేసి, మెడలకి తాడు బిగించిన తొమ్మిదిమంది తిరుగుబాటుదారులు. వరసలో చివరివాడి టోపీ మొనదేలి పొడుగ్గా ఉంటుంది. అతను సిథియన్లనే సంచార జాతి నాయకుడు స్కుంఖ. ఆ గెలుపు తర్వాతెప్పుడో వచ్చింది, చోటేమో లేదు. ఆ మూడు భాషల్లో ఒకటైన ఎలామైట్‌లో అప్పటికే చెక్కిన శాసనం కొంత చెరిపేసి మరీ అతన్ని ఇరికించారు. 19వ శతాబ్దంలో హెన్రీ రాలిన్సన్ నిచ్చెనలేసుకుని ఎక్కి తీసుకున్న నకళ్ళు లేకపోతే క్యూనిఫారం అనే ఆ మేకుల ఆకారపు లిపి రహస్యం విడిపోవడానికి ఇంకెన్నేళ్ళు పట్టేదో.

కిందే పడుకున్న హెర్క్యులిస్ విగ్రహం ఉంది, క్రీ.పూ. 148 నాటిది. 1958లో రోడ్డు పనుల్లో బయటపడింది. చాలామంది ఫొటో తీసుకుని కదిలిపోతారు. నేనూ అంతే.

బస మాత్రం కెర్మాన్‌షాలోనే పెట్టుకోండి. బిసోతూన్‌లో సఫవీ రాజుల కాలంనాటి కారవాన్‌సరాయి (బాటసారుల సత్రం) ఇప్పుడు హోటల్ అయింది, ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే కెర్మాన్‌షాలో ఉంటే సాయంత్రం తాకె బోస్తాన్‌కి పోవచ్చు. అక్కడ డేరియస్ తర్వాత కొన్ని వందల ఏళ్ళకి పర్షియాని ఏలిన సాసానీ రాజుల శిల్పాలు చేతికందే ఎత్తులో, చెరువు పక్కనే ఉంటాయి. పెద్ద గుహ గోడమీద అడవిపందుల వేట నాకు డేరియస్ కంటే ఎక్కువ నచ్చింది. ఏనుగులు కూడా ఉన్నాయి, వెతకండి. పిల్లలు, ముసలివాళ్ళు వెంట ఉంటే మొదటి ఓటు దీనికే. చూడటం అయ్యాక అక్కడే దందె కబాబ్ తినండి, పక్కటెముకల మాంసం, మెత్తగా ఉంటుంది.

టాక్సీని రానూపోనూ మాట్లాడుకోవడం మేలు. బేరంలో రియాళ్ళా, తొమాన్లా అన్నది ముందే తేల్చుకోండి. పది రియాళ్ళు ఒక తొమాన్. మన కార్డులు అక్కడ పనిచెయ్యవు, క్యాష్ దండిగా పెట్టుకోండి.