కక్ష్యకు చేరడానికి ఏది మేలు: స్క్రామ్‌జెట్టా, రాకెట్టా?

శ్రీకాకుళంలో భౌతికశాస్త్రం బోధించే నన్ను ఏటా ఎవరో ఒక విద్యార్థి ఇదే అడుగుతాడు: కిలో హైడ్రోజన్‌ను మండించడానికి ఐదారు కిలోల ద్రవ ఆక్సిజన్‌ను రాకెట్టు మోసుకుపోవడం కంటే, దారిలోని గాలినే వాడుకునే స్క్రామ్‌జెట్ మేలు కాదా? 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో స్క్రామ్‌జెట్ మాక్ 6 (ధ్వని వేగానికి ఆరు రెట్లు) దగ్గర 5 సెకన్లు మండినప్పటి నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది.

ప్రశ్నలో న్యాయం ఉంది. దారి పొడవునా చలివేంద్రాలుంటే అరసవల్లికి నడిచి వెళ్లేవారెవరూ నీళ్ల బిందె మోసుకుపోరు. అయితే ఆ చలివేంద్రాలు ఎంత దూరం వరకు ఉన్నాయన్నదే అసలు సంగతి.

కక్ష్యలో నిలవడానికి ఎత్తు కంటే వేగం ముఖ్యం. అది సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లుండాలి. 2004 నవంబరులో నాసా ప్రయోగాత్మక స్క్రామ్‌జెట్ విమానం ఎక్స్-43ఏ అందుకున్న మాక్ 9.6 అంటే సెకనుకు దాదాపు 3 కిలోమీటర్లు. గతిశక్తి వేగ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అంత వేగం సాధించినా చేతికొచ్చేది కక్ష్యకు కావలసిన గతిశక్తిలో ఏడో వంతు మాత్రమే. మొన్న బల్లపై ఈ లెక్క చేస్తున్న విద్యార్థిని 0.15 దగ్గర సుద్దముక్క ఆపి, "మిగతాదంతా ఎవరిస్తారు మాస్టారూ?" అని అడిగింది. మిగతాదంతా రాకెట్టే ఇవ్వాలి. మొదట మాక్ 4, 5 వరకు తీసుకెళ్లవలసినదీ అదే, ఎందుకంటే నిలిచి ఉన్న స్క్రామ్‌జెట్ అసలు పనిచేయదు.

పైగా గాలి ఊరికే రాదు. విజయనగరం బస్సు కిటికీ దగ్గర అరచేతిని గాలికి అడ్డంగా తిప్పితే మోచేయి వరకు వెనక్కి పోతుంది. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. రాకెట్టు ఆ గాలిని వీలైనంత త్వరగా దాటిపోతుంది, స్క్రామ్‌జెట్ మాత్రం మండినంతసేపూ అందులోనే ఉండి ఆ తోపునూ, దాంతో పుట్టే వేడినీ భరించాలి. ఇంత కష్టపడి ఆదా చేసే ద్రవ ఆక్సిజన్ చూస్తే చవకైన సరుకు. ఖరీదైనవి ఇంజన్లు, వాటిని కాపాడుకునే మార్గాన్ని 2015 డిసెంబరులో నేలకు దిగిన స్పేస్‌ఎక్స్ రాకెట్టు ఫాల్కన్ 9 మొదటి దశ చూపింది. అందుకే నా మొగ్గు తిరిగి వాడుకునే రాకెట్టు వైపే.

గాలినీ ఆక్సిజన్‌నూ రెండింటినీ వాడదలచిన బ్రిటన్ సేబర్ ఇంజన్ ఉండేది కానీ, దాన్ని రూపొందిస్తున్న సంస్థ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

వాతావరణంలోనే దూరం వెళ్లే క్షిపణులకు స్క్రామ్‌జెట్‌ను మించింది లేదు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో డీఆర్‌డీవో దాని దహనగదిని వెయ్యి సెకన్లకు పైగా నేలపై మండించడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. కక్ష్యా ప్రయాణంలో మొదటి దశగా దానికి చోటు దొరకాలంటే మాత్రం, మాక్ 10 దాకా లాగి, చెక్కుచెదరకుండా రన్‌వేపై దిగి, అదే ఇంజన్‌తో మళ్లీ ఎగరగలగాలి.